నాకేం కాలేదన్న మనిషి

గూడ్సుకు ఆ పేరు పెట్టింది వాళ్ల బావే. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోయడం అతని పని. బీరువా గానీ ఫ్రిజ్ గానీ బెల్టులతో వీపుకు బిగించుకుని నింపాదిగా మెట్లు దిగుతాడు. దిగేటప్పుడే కాదు, మామూలుగా కూడా అతని నోట్లోంచి మాట రాలడం అరుదు. "ఏం మనిషివిరా నువ్వు! కదలాలంటే సిగ్నల్ ఇవ్వాలి, కదిలాక ఆగవు, కూత మాత్రం పెట్టవు. అచ్చం గూడ్సుబండివి" అన్నాడు బావ, అక్కను చేసుకున్న కొత్తలో. పేరు అతుక్కుపోయింది. బదులుగా బావకు పేరు పెట్టే శ్రమ గూడ్సుకు లేకపోయింది. ఆయనకు అప్పటికే ఊరు పెట్టిన పేరుంది, రేడియో అని.

రేడియో బావ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్తాడు. ఏ బస్సు ఎక్కడ నిలబడి ఉందో, దారిలో ఎక్కడెక్కడ ఆగుతుందో, మధ్యలో గుక్క తిప్పుకోకుండా చివరిదాకా చదివేస్తాడు. ఇంట్లోనూ అదే వరస. తినేటప్పుడు మాటలు, గడ్డం గీసుకునేటప్పుడు మాటలు, ఎదుటివాడు చెప్పేది వినేటప్పుడు కూడా మాటలే. "ఈయన నోరు మూతపడాలంటే ఊరంతా కరెంటు పోవాలి" అనేది అక్క. గూడ్సుకు ఆ వాగుడంటే పైకి విసుగు, లోపల ఇష్టం. ఇద్దరి మాటలూ బావే మాట్లాడేస్తాడు గనక తనకా బెడద తప్పేది.

కరోనా ఊరిని చుట్టబెడుతున్న ఆ రోజుల్లో ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది. గూడ్సు అప్పుడే వ్యానులోంచి ఒక మంచం దింపుతున్నాడు.

"తమ్ముడూ, ఓసారి రాగలవా?"

"ఏమైందక్కా?"

"ఏమీ కాలేదంటున్నాడు మీ బావ. అదే భయంగా ఉంది."

ఇద్దరికీ జబ్బు అంటుకున్నట్టు అంతకు వారం ముందే తేలింది. అక్కకు వాసన పోయింది, అంతే. బావకు జ్వరమొచ్చింది, తగ్గింది. తగ్గాక లేచి తిరుగుతున్నాడు, తింటున్నాడు, టీవీలో వార్తలు చదివేవాళ్లను వెక్కిరిస్తున్నాడు. కింది అంతస్తువాళ్లు వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరొకటి సంచిలో పెట్టి గుమ్మానికి తగిలించి పోతే, అక్క సరదాకి ఆయన వేలికి పెట్టి చూసింది. డెబ్బై ఆరు చూపించింది.

"నా వేలికి పెడితే తొంభై ఏడు" అంది అక్క. "మీటరు ఆడవాళ్ల పక్షం అంటాడు. తొంభై నాలుగు దాటకపోతే ఆసుపత్రికి పొమ్మని ఇక్కడ అట్ట మీదే రాసుందిరా."

గూడ్సు మంచాన్ని అక్కడే గోడకు ఆనించి వ్యానెక్కాడు. వ్యాను నడిపేది అతని జోడీ పనివాడు, అందరూ పొట్టోడు అని పిలిచే ఆరడుగుల మనిషి. విషయం విని గేరు మార్చాడు గానీ కాసేపటికి నెమ్మదిగా అన్నాడు.

"అన్నా, నేను పైకి రాలేను. ఇంట్లో పసిది ఉంది."

"నిన్ను రమ్మన్నానా? కింద ఉండు. ఇంజను ఆపకు."

అక్కవాళ్లుండేది నాలుగో అంతస్తు. ఆ పాతకాలపు మేడకు లిఫ్టు లేదు. మెట్లు ఇరుకు, మలుపులు మరీ ఇరుకు. గూడ్సు ముఖానికి రెండు మాస్కులు కట్టుకుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, సామాన్ల బెల్టులు భుజాన వేసుకుని ఎక్కాడు. అక్క తలుపు తీసి దూరంగా జరిగింది. నిద్రలేక ఆమె కళ్లు గుంటలు పడ్డాయి.

బావ కిటికీ పక్కన భోజనాల బల్ల ముందు కూర్చుని, పేక ముక్కలు పరుచుకుని ఒక్కడే చతుర్ముఖ పారాయణం చేస్తున్నాడు. బావమరిదిని చూడగానే మొహం వెలిగింది.

"రారా గూడ్సూ... నిన్నూ... లాక్కొచ్చిందా... మీ అక్క?"

గూడ్సు గుమ్మంలోనే ఆగిపోయాడు. మాటలు బావవే. నవ్వూ ఆయనదే. కానీ రెండేసి మాటలకు ఒకసారి ఊపిరి పడుతోంది, కొంగు పట్టుకు లాగే పిల్లాడిలా. ఆ ఊపిరి ఆయనకు తెలియట్లేదు. పేక ముక్క తిప్పుతున్న వేళ్ల గోళ్లు నీలంగా ఉన్నాయి. పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి.

"బావా, ఆయాసంగా ఉందా?"

"ఆయాసమా? నాకేం... కాలేదు. మీ అక్క... నీళ్ల బిందె ఎత్తమన్నా... ఎత్తుతా."

"అయితే ఓసారి బస్సు పిలుపు పిలువు. దూరం పోయేది ఏదైనా."

బావ ముచ్చటపడ్డాడు. వీపు నిటారు చేసి, లేని మైకును చేత్తో దగ్గరికి లాక్కున్నాడు. "ప్రయాణికులకు మనవి," అన్నాడు గంభీరంగా, "మూడో నంబరు... ప్లాట్‌ఫారం మీద..." అంతే. తర్వాతి మాట రాలేదు. నోరు తెరుచుకునే ఉంది, గొంతు కదులుతోంది, గాలి చాలలేదు. బావ ఇద్దరి వంకా చూశాడు. ఎవరో తన మైకు తీగ పీకేసినట్టు ఆశ్చర్యపోయాడు.

"గొంతు... ఎండింది" అన్నాడు.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

గూడ్సు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. ఎత్తిన ఆవిడ వివరాలన్నీ అడిగి, మీటరు అంకె చెప్పగానే గొంతు మార్చింది. "బండి వచ్చేసరికి సాయంత్రమవుతుందండీ. అంతదాకా ఆగకండి. మీ దగ్గర ఏదైనా బండి ఉంటే అందులో తీసుకుపోండి. కానీ ఆయన్ని ఒక్క అడుగు కూడా నడవనివ్వద్దు. వింటున్నారా? చక్కగా మాట్లాడుతున్నాడు కదా అని మోసపోకండి. ఇలాంటివాళ్లే మంచం దిగి నాలుగడుగులేసి కూలిపోతున్నారు. బండిలో బోర్లా పడుకోబెట్టండి, వెల్లకిలా కాదు."

బావ ఆ మాటలన్నీ విన్నాడు. విని నవ్వాడు.

"నన్ను... బీరువా అనుకున్నారా? నడిచే... వస్తా." అంటూనే ఎవరూ పట్టుకునేలోపు లేచి తలుపువైపు అడుగులు వేశాడు. అక్క పరుగున వెళ్లి ఆయన వేలు పట్టుకుంది. మీటరు ఇంకా వేలికే ఉంది. డెబ్బై ఆరు కాస్తా డెబ్బై అయింది. చూస్తుండగానే అరవై అయిదు. తలుపు చేరేసరికి అరవై. బావ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. మోకాళ్లు రెండూ ఒకేసారి మడతపడ్డాయి. గూడ్సు చంకల కింద చేతులు వేసి అందుకోకపోతే నుదురు గడపకు తగిలేదే.

"కాలు... జారింది" అన్నాడు బావ. నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో దగ్గుగా మారింది, దగ్గు ఆగేసరికి కళ్లలో నీళ్లు నిండాయి. ఇక వాదించలేదు. వాదించడానికి కూడా ఊపిరి కావాలి మరి.

గూడ్సుకు భయమేసింది. భయమేస్తే అతను చేతులకు పని చెప్తాడు. చేతుల్లేని కుర్చీ ఒకటి లాగి, మడతలు వేసిన దుప్పటి పరిచి, బావను కూర్చోబెట్టాడు. నడుముకొక పట్టీ, ఛాతీకి తగలకుండా చంకల కిందుగా ఒక పట్టీ, కాళ్లకొకటి బిగించాడు. కుర్చీ వీపుకు తన వీపు ఆనించి కూలబడి, బెల్టులు భుజాల మీదికి లాక్కుని, "అక్కా, నువ్వు వెనకాలే రా. ఆయన మొహం నాకు కనపడదు. మీటరు చూస్తూ చెప్తూ ఉండు" అని లేచాడు.

ఫ్రిజ్‌లు మోసిన వీపే. కానీ ఫ్రిజ్ ఊపిరి తీయదు. బెల్టుల్లోంచి, కుర్చీ చెక్కలోంచి, ఆ ఊపిరి గూడ్సు వెన్నుపూసలకు తెలుస్తూనే ఉంది. పొట్టిగా, గబగబా, పిట్ట ఊపిరిలా. మొదటి మెట్టు దిగాడు, రెండోది దిగాడు.

"గూడ్సూ," అంది వెనక నుంచి బావ గొంతు, "పైన... 'పగిలే సామాను' అని... రాశావా?"

"మాట్లాడకు బావా. ఊపిరి దాచుకో."

"అరవై ఎనిమిది" అంది అక్క.

మూడో అంతస్తు మలుపులో సైకిలొకటి అడ్డంగా ఉంది. గూడ్సు ఆగాడు. పక్కకు తిరగడానికి చోటు లేదు, దింపితే మళ్లీ ఎత్తడానికి బలం మిగలదు. "ఎవరిదండీ సైకిలు!" అని అక్క అరిచింది. తలుపు సందులోంచి ఒక పెద్దాయన తువ్వాలు మొహానికి చుట్టుకుని తొంగిచూశాడు. ఆ కుర్చీనీ, అందులో ఉన్న మనిషి పెదాలనీ చూసి తలుపు మూసేశాడు. మరుక్షణమే మళ్లీ తెరిచి, ఊపిరి బిగబట్టుకుని బయటికొచ్చి, సైకిలును లోపలికి ఈడ్చుకుపోయాడు. "పోండి నాయనా, పోండి" అంది తలుపు వెనక నుంచి ఆయన గొంతు.

రెండో అంతస్తుకు వచ్చేసరికి గూడ్సు చెమట కళ్లలోకి కారుతోంది. మాస్కులు తడిసి ముక్కుకు అంటుకుపోయాయి. ఇంత పెద్ద ఛాతీ ఉండి తనకే గాలి చాలట్లేదు, ఆయనకెలా ఉందో అనుకున్నాడు. అనుకున్నాక గమనించాడు, వెనక నుంచి మాట వచ్చి చాలాసేపయింది.

"బావా."

జవాబు లేదు.

"బావా! అక్కా, ఎంతుంది?"

"గీతలొస్తున్నాయిరా! అంకె రావట్లేదు. గీతలే!" అక్క గొంతు చిరిగింది.

గూడ్సు కాళ్లు ఆగిపోయాయి. మాట్లాడొద్దన్నది తనే. ఇప్పుడు ఆ మౌనం బరువు బీరువా కన్నా ఎక్కువైంది. వెనక్కి తిరిగి చూద్దామంటే కుర్చీ కూడా తిరుగుతుంది. చూడలేడు, దింపలేడు, నిలబడలేడు.

"వేలు చల్లబడి ఉంటుంది అక్కా, రుద్దు! ఇంకో వేలికి పెట్టు! బావా, ఊఁ అను! ఒక్క ఊఁ అనవయ్యా నీకు దండం పెడతా!"

"ఊఁ" అంది వెనక ఎక్కడో.

"అరవై ఆరు" అంది అక్క ఏడుస్తూ.

ఆ తర్వాత ప్రతి మలుపుకీ గూడ్సు "బావా" అన్నాడు, బావ "ఊఁ" అన్నాడు. కింది మెట్ల దగ్గర పొట్టోడు ఎదురొచ్చి కుర్చీ కాళ్లు పట్టుకున్నాడు. మాస్కు మీద మాస్కు, దాని మీద ఒక జేబురుమాలు కట్టుకున్నాడు. "రావద్దన్నాను కదరా" అంటే, "నువ్వు పడితే ఇద్దర్నెవరు మోస్తారన్నా" అన్నాడు.

వ్యానులో సామాన్లకు చుట్టే దుప్పట్లు పరిచి, బావను బోర్లా పడుకోబెట్టి, వెనక తలుపులు రెండూ తెరిచి కట్టేశారు. అక్క ఒక పక్క, గూడ్సు ఒక పక్క. బండి గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఇద్దరూ ఆయన వీపు మీద చేతులు వేసి ఆపారు. కాసేపటికి మీటరులో డెబ్బై రెండు వచ్చింది. ఇంకాసేపటికి డెబ్బై ఎనిమిది. అక్క నమ్మలేక మీటరు తీసి తుడిచి మళ్లీ పెట్టింది.

ఆసుపత్రి ముందు స్ట్రెచర్ల వరస ఉంది. నర్సొకామె వరస వెంట వస్తూ ఒక్కొక్కరి వేలికీ మీటరు పెట్టి చూస్తోంది. బావ దగ్గరికొచ్చి చూసి, అక్కడే నిలబడి చెయ్యెత్తి లోపలికి కేకేసింది. క్షణంలో ఆయన లోపలికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆ నర్సుతో ఏదో చెప్పబోయి, చెప్పలేక, వేలితో గూడ్సును చూపించాడు. ఏం చెప్పాలనుకున్నాడో గూడ్సుకు తెలియలేదు.

సాయంత్రం డాక్టరమ్మ ఆవరణలోకి వచ్చింది. నలిగిపోయిన మొహం, ముక్కు మీద మాస్కు గీసిన ఎర్రటి గీత. చేతిలోని ఫోన్లో ఒక బొమ్మ చూపించింది.

"ఇవి ఆయన ఊపిరితిత్తులు. స్కానింగులో గాలి ఉన్నచోటు నల్లగా కనపడాలి. ఇక్కడ చూడండి, అద్దం మీద ఆవిరి పట్టినట్టు తెల్లగా ఉంది. రెండు వైపులా సగానికి పైగా."

"మనిషి పేకాడుతున్నాడండీ!" అంది అక్క. "పేకాడుతూ నవ్వుతున్నాడు. ఊపిరాడనివాడికి ఊపిరాడట్లేదని తెలియదా?"

"అదే దీని టక్కరితనం. మన ఊపిరితిత్తుల నిండా ద్రాక్షగుత్తుల్లా సన్నని గాలి తిత్తులుంటాయి. వాటి పలచని గోడల గుండానే గాలి రక్తంలోకి వెళ్తుంది. వైరస్ ఆ గోడల్లో దూరింది. దాన్ని తరమడానికి ఒళ్లు చేసే పోరులో ఆ గోడలే వాచి, తిత్తుల్లోకి నీరు ఊరింది. ఇక మంచిగాలి రక్తంలోకి దిగదు. కానీ ఆయాసమని మనల్ని గోల పెట్టించేది ముఖ్యంగా లోపల చెడుగాలి పేరుకోవడం. ఈయన తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తూ చెడుగాలిని బయటికి తోసేస్తున్నాడు. అందుకే మెదడుకు సరైన కబురు అందలేదు."

గూడ్సు బొమ్మనే చూస్తున్నాడు. తను మోసుకొచ్చింది దీన్నా అనిపించింది.

"బతుకుతాడాండీ?" అన్నాడు.

డాక్టరమ్మ ఫోన్ జేబులో పెట్టుకుంది. "ముక్కులోకి ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ పంపిస్తున్నాం. వాపు తగ్గడానికి మందిస్తున్నాం. అప్పటికీ ఆక్సిజన్ అంకె తగ్గితే గొంతులోకి గొట్టం వేసి మిషను మీద పెట్టాలి. అక్కడిదాకా రాకూడదనే మా ప్రయత్నం. ఇంకోటి కూడా చెప్పాలి మీకు. దీన్ని ఊపిరితిత్తుల జబ్బనే అనుకుంటున్నారంతా. రక్తనాళాల లోపలి పొర కూడా దెబ్బతింటోంది. దెబ్బతిన్నచోట రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ గుండెకు పోవచ్చు, మెదడుకు పోవచ్చు, ఎక్కడికైనా పోవచ్చు. కిడ్నీల రిపోర్టు ఇప్పటికే కాస్త తేడాగా ఉంది. రక్తం పలచబడే ఇంజెక్షన్ మొదలుపెట్టాం."

"ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు వాసన పోయి ఊరుకుంది. ఆయనకెందుకింత?" అంది అక్క.

"పూర్తిగా మాకూ తెలియదమ్మా" అంది డాక్టరమ్మ. ఆ మాట చెప్పేటప్పుడే ఆమె గొంతులో అలసట ఎక్కువగా వినిపించింది.

లోపలికి ఎవర్నీ రానివ్వరు. రోజుకొకసారి నర్సు ఫోన్ కలిపి ఆయన చెవి దగ్గర పెట్టేది. "మీరే మాట్లాడండి. ఆయన మాట్లాడకూడదు. మాట్లాడితే అంకె పడిపోతోంది" అని ముందే చెప్పింది. అక్క ఫోన్ తీసుకుని రెండు ముక్కలు చెప్పేలోపే ఏడుపొచ్చేది. ఏడుపు వింటే ఆయన లేవబోతాడు. అందుకని ఫోన్ గూడ్సు చేతికొచ్చింది.

మొదటిరోజు గూడ్సుకు చెమటలు పట్టాయి. ఏం మాట్లాడాలి? పాతికేళ్లుగా బావ మాట్లాడుతుంటే విన్నాడు. ఇప్పుడు అవతల ఆక్సిజన్ హోరు తప్ప ఏమీ లేదు.

"బావా, నేను" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ తోచలేదు. "ఇవాళ ఒక కుట్టుమిషను మోశాను" అన్నాడు చివరికి. అక్కణ్ణుంచి నెమ్మదిగా దారి దొరికింది. ఆ కుట్టుమిషను చక్రం ఊడి మెట్ల మీద దొర్లుకుంటూ ఇంటాయన కాలికి తగలడం, ఆయన తిట్టిన తిట్లు, పొట్టోడు గుమ్మం ఎత్తు చూసుకోక మళ్లీ తల కొట్టుకోవడం, అన్నీ చెప్పాడు. నర్సు ఫోన్ తీసుకుని, "నవ్వుతున్నారండీ. ఇక చాలు, నవ్వించకండి" అంది. ఆ రాత్రి గూడ్సు మర్నాటికి ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ పడుకున్నాడు.

అంకెలు కొంచెం కొంచెం మెరుగుపడ్డాయి. గొట్టం మాట వెనక్కి పోయింది. కిడ్నీలు ఒకరోజు మొరాయించాయి, మర్నాడు సర్దుకున్నాయి. గండం గడిచిందని అక్క మొదటిసారి కడుపునిండా తింది.

ఆ మర్నాడే. గూడ్సు ఫోన్లో ఒక పియానో గురించి చెప్తున్నాడు. పియానో మోయడం తనకదే మొదలని, మెట్లు దిగుతుంటే అది దానంతటదే మోగుతోందని చెప్తున్నాడు. అవతల బావ గొంతు సన్నగా, "తిమ్మిరి..." అంది.

"ఏంటి బావా?"

"కాలు... నాది కాదు... అన్నట్టుంది."

దుప్పటి లాగిన చప్పుడు. నర్సు గొంతు దూరంగా, గట్టిగా: "ఈ కాలు ఎప్పట్నించి ఇంత చల్లగా ఉంది? డాక్టర్! ఇటు రండి, ఇక్కడ నాడి దొరకట్లేదు!" ఫోన్ కింద పడింది. కట్టయింది.

గూడ్సు ఫోన్ చెవికి ఆనించుకునే ఉండిపోయాడు. అక్క అతని మొహం చూసి చెప్పులు వేసుకుంది. ఇద్దరూ ఆసుపత్రి ఆవరణలోకి పరిగెత్తారు.

డాక్టరమ్మ మెట్ల మీదే కలిసింది. "గజ్జల దగ్గర ధమనిలో గడ్డ అడ్డుపడింది. కాలికి రక్తం వెళ్లట్లేదు. ఇంజెక్షన్ ఇస్తున్నా కొందరిలో ఆగట్లేదు. ఆ గడ్డను ఇప్పుడే తీసేయాలి, ఆలస్యమైతే కాలు దక్కదు. కాలు చచ్చుబడితే ఆ విషం కిడ్నీలకూ గుండెకూ పోతుంది."

"తీసేయండి మరి!" అంది అక్క.

"పూర్తి మత్తిచ్చి చేద్దామంటే ఆ ఊపిరితిత్తులతో మళ్లీ తేరుకుంటాడన్న ధైర్యం లేదు. అందుకని అక్కడి మట్టుకు తిమ్మిరెక్కించి చేస్తాం. మెలకువగానే ఉంటాడు. వెల్లకిలా పడుకోవాలి, అలా పడుకుంటే ఆక్సిజన్ తగ్గుతుంది. కదలకూడదు, దగ్గకూడదు, మాట్లాడకూడదు. ఆయన సరేనన్నాడు. మీ మాట కూడా కావాలి."

 "మెలకువగా ఉండి మాట్లాడకూడదా? మా ఆయనా?" అంది అక్క. నోట్లోంచి నవ్వులాంటిది వచ్చింది. అది మధ్యలోనే విరిగి ఏడుపైంది. "చేయండమ్మా" అంది.

లోపల జరిగింది వాళ్లకు తర్వాత తెలిసింది. బావ మొహానికి ఆక్సిజన్ కట్టి, తల వెనక ఒక నర్సు నిలబడి, మీటరు అంకెలు సర్జనుకు చెప్తూ ఉందట. ఒకసారి అది ఎనభై కిందికి జారితే సర్జను చేతులు ఎత్తి ఆగాడట. బావ కళ్లు మూసుకుని, ఆ నర్సు చెప్పినట్టల్లా నెమ్మదిగా పీల్చి నెమ్మదిగా వదిలాడట. ధమనిలోంచి లాగిన గడ్డ వానపాములా పొడుగ్గా వచ్చిందట.

బయట గూడ్సు గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. మోయడానికి ఏమీ లేదు. ఆ వీపు దేనికీ పనికిరాదనిపించింది. అక్క అతని పక్కకొచ్చి నిలబడింది. చిన్నప్పుడు చీకట్లో పట్టుకున్నట్టు అతని చిటికెన వేలు పట్టుకుంది. 

సర్జను వచ్చి, "కాలు వెచ్చబడింది" అన్నాడు.

బావ ఇంటికొచ్చాడు, కానీ వెళ్లిన మనిషి రాలేదు. ఎడమకాలి వేళ్లు రెండు నల్లబడితే తీసేశారు. వాపు తగ్గడానికిచ్చిన స్టెరాయిడ్లతో ఒంట్లో చక్కెర పెరిగింది, అది దిగడానికి చాలా కాలం పట్టింది. కిడ్నీలు కోలుకున్నాయి. ఊపిరితిత్తుల అడుగున మచ్చలు మిగిలాయి. అవి ఎంత మేరకు పోతాయో ఇప్పుడే చెప్పలేనంది డాక్టరమ్మ. బస్టాండులో మైకు ముందు ఇంకొకతను కూర్చున్నాడు. బావకు లోపలి గదిలో, బస్సుల వేళలు సర్దే పని ఇచ్చారు. అక్కవాళ్లు ఆ నాలుగో అంతస్తు ఖాళీ చేసి కింది వాటా ఒకటి చూసుకున్నారు.

ఒక ఆదివారం గూడ్సు వెళ్లేసరికి బావ కిటికీ దగ్గర ఊరికే కూర్చుని ఉన్నాడు. అక్క వంటింట్లో ఉంది. బావ మాటలు తగ్గాయి. తగ్గాయంటే, ఇప్పుడు ఒక వాక్యం చెప్పి ఎదుటివాడి జవాబు కోసం ఆగుతున్నాడు. ఆ ఆగడం గూడ్సుకు ఇంకా అలవాటు కాలేదు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు" అన్నాడు బావ. "ఆరోజు నేను ఎలా ఉన్నాను?"

"చావబోయేవాడిలా ఉన్నావు" అన్నాడు గూడ్సు.

"నాకు హాయిగా ఉందిరా. ఒట్టు. నొప్పి లేదు, భయం లేదు. మీరిద్దరూ ఎందుకు మొహాలు వేలాడేసుకున్నారా అనుకున్నా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "భయం ఇప్పుడేస్తోంది. పొద్దున్నే లేచి బాగున్నాననిపిస్తుంది చూడు, అప్పుడేస్తోంది. ఆరోజూ అలాగే అనిపించింది కదా! నా ఒళ్లు నాకే అబద్ధం చెప్పింది. ఇక దేన్ని నమ్మను?"

 బావ ఆగాడు, జవాబు కోసం.

"అక్కని నమ్ము" అన్నాడు గూడ్సు. "నువ్వు బాగున్నానన్నప్పుడు ఆవిడ నమ్మలేదు. అందుకే ఉన్నావు."

బావ తల తిప్పి వంటింటివైపు చూశాడు. ఏదో అనబోయాడు. ఈలోపు అక్కే బయటికొచ్చింది, చేతిలో మూడు బంతుల ప్లాస్టిక్ పరికరంతో. ఊపిరి బలం కోసం ఆసుపత్రివాళ్లిచ్చింది అది. గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి.

"కబుర్లయ్యాయా? పట్టండి. పొద్దున దొంగాట ఆడారు, నేను చూశాను. దాన్ని పక్కకు వంచి బంతి లేపారు."

"ఇంట్లో నిఘా... ఎక్కువైందిరా" అన్నాడు బావ.

గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. మొదటి బంతి టక్కున లేచింది. రెండోది వణికింది, సగందాకా వచ్చింది, ఆగింది, మళ్లీ కదిలి పైన తగిలింది. అక్క ఊపిరి బిగబట్టి చూస్తోంది. గూడ్సూ అంతే. మూడోది అడుగునే ఉంది.

"రేపు" అంది అక్క.